ఒక పేరు, అరవై నాలుగు రూపాలు: డిజిటల్ సేవల అనుసంధానం ఎక్కడ తెగుతోంది?

సంక్షిప్తంగా: ప్రభుత్వ శాఖల కంప్యూటర్లను కలిపే సాంకేతికతకు ఇప్పుడు కొరత లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పౌరులకు ఎదురయ్యే చిక్కులు ఎక్కువగా మరో రెండు చోట్ల పుడుతున్నాయి. ఒకే మనిషి పేరు, ఒకే పొలం నంబరు, ఒకే ఊరి జిల్లా వేర్వేరు రికార్డుల్లో వేర్వేరుగా ఉండటం మొదటిది. తప్పు దొరికాక దాన్ని దిద్దవలసినది ఎవరో తేలకపోవడం రెండోది. రికార్డులు కలిసేకొద్దీ ఒక శాఖలోని తప్పు మరో శాఖ ఇచ్చే లబ్ధిని ఆపుతుంది. ఆ తప్పు ముందుగా కంటబడేది పౌరుడికీ, కౌంటరు దగ్గరి ఉద్యోగికీ. సేవలను రూపొందించే దశలో వారి మాట వినాలన్న వాదనకు బలం ఇక్కడినుంచే వస్తోంది.

అప్పలస్వామి ఎంతమంది?

అప్పలస్వామి అనే పేరు ఈ రెండు జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా వినిపిస్తుంది. తెలుగులో రాస్తే దానికి రూపం ఒక్కటే. ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చగానే లెక్క తప్పుతుంది. మొదట్లో ‘పి’ ఒకటా, రెండా? పేరు కలిపి రాయాలా, విడదీయాలా? ‘ఎస్’ పక్కన ‘డబ్ల్యూ’ రావాలా, ‘వి’ రావాలా? చివర ‘ఐ’ ఉండాలా, ‘వై’ ఉండాలా? ఈ నాలుగు ప్రశ్నలకే పదహారు రూపాలు తేలతాయి. ఇంటిపేరును పొడి అక్షరంగా రాస్తారా, పూర్తిగా రాస్తారా, ముందు పెడతారా, వెనక పెడతారా అన్నవి కూడా కలిపితే అరవై నాలుగు. బడిలో పంతులుగారు ఒక రూపం రాసి ఉంటారు. ఆధార్ నమోదు చేసినవారు మరొకటి, బ్యాంకు గుమాస్తా ఇంకొకటి రాసి ఉంటారు. విడివిడిగా చూస్తే ఎవరిదీ తప్పు అనలేం. రికార్డులను పక్కపక్కన పెట్టినప్పుడే తప్పు పుడుతుంది. సింహాచలం వంటి పేర్లతో మరో తంటా ఉంది. ఆ పేరు ఆడవారికీ ఉంటుంది, మగవారికీ ఉంటుంది. పేరు చూసి గడి నింపే అలవాటున్నవారి చేతిలో స్త్రీ పురుషుడైపోవడం ఇక్కడ వింతేమీ కాదు.

ఈ పేరున్న రైతుకు పెట్టుబడి సాయం అందాలంటే కనీసం నాలుగు రికార్డులు ఏకం కావాలి. భూమి వివరం రెవెన్యూ శాఖ వెబ్‌ల్యాండ్‌లో ఉంటుంది. సాగు చేసిన పంట వ్యవసాయ శాఖ ఈ-పంటలో, మనిషి గుర్తింపు ఆధార్‌లో ఉంటాయి. డబ్బు చేరవలసిన ఖాతా వివరం జాతీయ చెల్లింపుల సంస్థ నిర్వహించే మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు జతపడిందో చూపే పట్టికలో ఉంటుంది. చివరిదాని తీరు చాలామందికి తెలియదు. ఆధార్ ఆధారంగా పంపే డబ్బు ఆ సంఖ్యకు చివరిసారిగా జతపరచిన ఖాతాకే వెళ్తుంది. రైతు పాత పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతుంటాడు. డబ్బు మాత్రం ఆ మధ్య మరేదో అవసరానికి మరో బ్యాంకులో తెరిచిన ఖాతాలో పడి ఉంటుంది. కంప్యూటరు లెక్క ప్రకారం చెల్లింపు విజయవంతమైంది. రైతు లెక్క ప్రకారం సాయం రాలేదు. ఇద్దరి మాటా నిజమే.

నాలుగు అంతస్తులు

వేర్వేరు వ్యవస్థలు ఒకదాని సమాచారాన్ని మరొకటి అందుకుని, సరిగా అర్థం చేసుకుని, వాడుకోగలగడాన్ని సాంకేతిక పరిభాషలో ఇంటర్‌ఆపరబిలిటీ అంటారు. పరస్పర అనుసంధానం అనుకోవచ్చు. ఐరోపా సమాఖ్య 2017లో సవరించిన మార్గదర్శక చట్రం దీన్ని నాలుగు అంతస్తులుగా చూస్తుంది. మొదటిది చట్టం: ఒక శాఖ సమాచారాన్ని మరో శాఖ తీసుకునే అధికారం ఉందా? రెండోది వ్యవస్థ: ఎవరి పని ఎక్కడ ముగిసి, ఎవరి పని ఎక్కడ మొదలవుతుంది? మూడోది అర్థం: ‘కుటుంబం’ అన్న మాటకు రెండు శాఖల్లోనూ ఒకే అర్థం ఉందా? నాలుగోది సాంకేతికం: రెండు కంప్యూటర్లు మాట్లాడుకోగలవా?

భారతదేశంలో నాలుగో అంతస్తు మీద పని బాగానే జరిగింది. శాఖల సాఫ్ట్‌వేర్లు ఒకదాన్నొకటి పలకరించుకునే ద్వారాలు తెరిచి ఉంచాలన్న ఓపెన్ ఏపీఐ విధానం 2015లోనే వచ్చింది. పత్రాలను డిజిటల్ రూపంలో దాచుకుని చూపించే డిజీలాకర్ అదే ఏడాది మొదలైంది. అందులోని పత్రం కాగితపు అసలుతో సమానమని 2017లో నియమాలను సవరించారు కూడా. అయినా దరఖాస్తుదారును ‘ఒరిజినల్ తీసుకురండి’ అని వెనక్కు పంపే అలవాటు పోలేదు. అక్కడ చట్టం అనుమతించింది, యంత్రం సిద్ధంగా ఉంది. కాగితం చూడకుండా సంతకం పెడితే రేపు తన మెడకు చుట్టుకుంటుందేమోనన్న ఉద్యోగి భయానికి మాత్రం ఎవరూ జవాబు రాసివ్వలేదు. తెగింది రెండో అంతస్తులో.

రేషన్ బియ్యం ఎలా దాటాయి?

అనుసంధానం కుదిరిన చోటును కూడా చూడాలి. శ్రీకాకుళం తీర గ్రామాల మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్తారు. కూలి పనులకు హైదరాబాద్, చెన్నై వెళ్లే కుటుంబాలు రెండు జిల్లాల్లోనూ వేలల్లో ఉంటాయి. ఒకప్పుడు వలస వెళ్లినవారి రేషన్ ఊళ్లోనే మిగిలిపోయేది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒక జంటగా, గుజరాత్, మహారాష్ట్ర మరో జంటగా కార్డు ఎక్కడైనా చెల్లే పద్ధతిని మొదలుపెట్టాయి. 2022 జూన్ నాటికి అది మొత్తం 36 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు విస్తరించింది. ఇంట్లో కొందరు ఊళ్లో, కొందరు వలసలో ఉంటే ఎవరి వాటా వారు ఉన్నచోటే తీసుకునే వీలూ కల్పించారు.

ఇది నిలదొక్కుకోవడానికి కారణం ప్రశ్న చిన్నది కావడమే. దుకాణంలోని యంత్రం అడిగేవి రెండే: ఈ వేలిముద్ర ఈ కార్డులోని మనిషిదేనా, ఈ నెల ఇంకా ఎన్ని కిలోలు మిగిలాయి? పేరులోని అక్షరాలతో దానికి పని లేదు. కిలో అన్న మాటకు పలాసలో ఒక అర్థం, పోర్‌బందర్‌లో మరో అర్థం ఉండవు. హద్దులు ఉన్నాయి. జాతీయ ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డులకే ఈ వెసులుబాటు. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చే కార్డు సరిహద్దు దాటదు. చూడటానికి రెండు కార్డులూ ఒకేలా ఉంటాయి కాబట్టి తనది ఏ రకమో కార్డుదారుకు తెలిసేది పరాయి ఊరి దుకాణం ముందు నిలబడ్డాకే.

ఊరు కదలలేదు, జిల్లా కదిలింది

అర్థం అనే అంతస్తు ఎంత జారుడుదో ఉత్తరాంధ్ర జిల్లాల చరిత్ర చూస్తే తెలుస్తుంది. పార్వతీపురంలో 1948లో పుట్టిన వ్యక్తిని తీసుకోండి. పుట్టింది విశాఖపట్నం జిల్లాలో. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది కాబట్టి చదివింది శ్రీకాకుళం జిల్లాలో. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది. ఉద్యోగం ఆ జిల్లాలో. 2022 ఏప్రిల్ 4 తర్వాత ఆయన పార్వతీపురం మన్యం జిల్లా నివాసి. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, నాలుగు జిల్లాలు మారాయి. ఆ పునర్విభజనలోనే రాజాం నియోజకవర్గం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని మండలాలు మన్యం జిల్లాకు వెళ్లాయి. రాజాం విద్యార్థి పాత చదువు పత్రంలో శ్రీకాకుళం, కొత్త స్థానికత పత్రంలో విజయనగరం ఉంటాయి. రెండూ సరైనవే. ఆ సంగతి మనిషికి చెబితే అర్థమవుతుంది; రెండు గడులు సరిపోల్చి అవునో కాదో తేల్చే సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాదు.

దీనికి విరుగుడు ఉంది. ప్రతి గ్రామానికి, మండలానికి, జిల్లాకు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ పేరిట ఒక్కో సంకేత సంఖ్య ఇచ్చింది. శాఖలన్నీ ఊరి పేరుకు బదులు ఆ సంఖ్యను, ఏ తేదీ నుంచి ఏ జిల్లా కింద ఉందన్న వివరంతో సహా వాడితే పార్వతీపురం పెద్దాయనకు నాలుగు జిల్లాలూ చెల్లుతాయి. పాత జనగణన సంకేతాల మీద, సొంతంగా కట్టుకున్న జాబితాల మీద నడిచే రికార్డులు మిగిలి ఉన్నంతకాలం చిక్కు కూడా మిగులుతుంది.

భూమి రికార్డులదీ ఇదే కథ. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్, అంటే కమతం పటం) నంబర్లు వచ్చాయి. బ్యాంకులో తనఖా పాత నంబరు మీద ఉంటుంది, అమ్మకపు దస్తావేజు పాత నంబరు మీదే ఉంటుంది. కొన్నిచోట్ల అన్నదమ్ముల, ఇరుగుపొరుగు రైతుల కమతాలను ఒకే ఉమ్మడి నంబరు కింద చూపారు. గట్టు మీద నిలబడి ‘ఇది మాది, అది వారిది’ అని రైతు వేలు పెట్టి చూపించగలడు. ఆ గట్టు తెర మీది పటంలో ఉండదు.

కౌలు రైతు విషయంలో లోపం మరీ లోతైనది. భూమి రికార్డు నిర్మాణమే పొలానికి ఒక యజమాని ఉంటాడని, సాగు చేసేది ఆయనేనని అనుకుని సాగుతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు 11 నెలల కార్డు ఇవ్వవచ్చంది. దానికి యజమాని ఒప్పుకుని సంతకం చేయాలి. సంతకం పెడితే భూమి పోతుందన్న అనుమానం ఉన్నచోట కార్డు రాదు. కార్డు లేనిచోట సాయం, పంట రుణం కష్టమవుతాయి. ఫారం తయారయ్యే రోజున బల్ల ముందు ఒక కౌలు రైతు కూర్చుని ఉంటే, ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఈ సంతకం గురించే అయ్యుండేది.

కరెంటు మీటరు ఆపిన పింఛను

రాష్ట్రంలో సంక్షేమ పథకాల అర్హతకు కొన్నేళ్లుగా ఆరంచెల వడపోత అనే పద్ధతి వాడుకలో ఉంది. భూమి, ఆదాయం, నాలుగు చక్రాల వాహనం, ప్రభుత్వ ఉద్యోగం, పట్టణంలో ఇంటి విస్తీర్ణం, కరెంటు వాడకం వంటివి చూస్తారు. వీటిలో చాలా వివరాలు ఆయా శాఖల నుంచి ఆధార్ సంఖ్య ద్వారా నేరుగా వస్తాయి. శాఖలు కలవడం అంటే ఇదే. దరఖాస్తుదారు కాగితాలు మోసుకు తిరగనక్కర్లేదు. ఆ మేరకు ఇది మేలు.

ఇప్పుడు విజయనగరం దగ్గరి ఒక పల్లెను ఊహించుకుందాం. తండ్రి పేరున మూడు మీటర్లు, మూడు ఇళ్లు. ముగ్గురు కొడుకులవీ వేరు కాపురాలు. నెలకు ఒక ఇంట్లో 110 యూనిట్లు, మరో ఇంట్లో 120, ఇంకో ఇంట్లో 90 కాలతాయి. ఏ ఇల్లూ 300 దరిదాపుల్లో లేదు. మూడు మీటర్లూ తండ్రి ఆధార్‌కే జతపడి ఉన్నాయి కాబట్టి ఆయన లెక్కలో 320. వడపోత హద్దు 300. కాలు కింద పెట్టలేని ముసలాయన కాగితం మీద భారీ విద్యుత్ వినియోగదారు అవుతాడు.

తప్పు పుట్టింది విద్యుత్ రికార్డులో. బయటపడింది పింఛను జాబితాలో. ఆయన వెళ్లి నిలబడేది గ్రామ సచివాలయంలో. అక్కడి వెల్ఫేర్ అసిస్టెంటుకు తెర మీద అనర్హత కనిపిస్తుంది కానీ మీటరు నుంచి ఆధార్‌ను విడదీసే అధికారం లేదు. విద్యుత్ కార్యాలయంలో విడదీయగలరు కానీ పింఛను వారి పని కాదు. అక్కడ దిద్దినా, కొత్త వివరాలు వడపోతకు చేరేదాకా ఆగాలి. కాగితాల కాలంలో తప్పు పుట్టిన బీరువాలోనే పడి ఉండేది. ఇప్పుడు అది ప్రయాణిస్తుంది. దిద్దుబాటు మాత్రం ఇంకా బస్సు ఎక్కి వెళ్లవలసిందే.

ఎస్టోనియాతో పోలిక, ఉద్దానం ఫైలు

ఈ చర్చలో తరచూ వినిపించే దేశం ఎస్టోనియా. 2001 నుంచి అక్కడ ఎక్స్-రోడ్ అనే సమాచార మార్పిడి వ్యవస్థ నడుస్తోంది. దాని సాంకేతికతకు దక్కినంత పేరు అక్కడి రెండు నియమాలకు దక్కలేదు. ఒకే సమాచారం కోసం రెండో డేటాబేస్ కట్టడాన్ని చట్టం నిషేధించింది. అంటే చిరునామాకు యజమాని ఒక్కటే రిజిస్టరు. అక్కడ దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్టే. తన వివరాలను ఏ కార్యాలయం ఎప్పుడు చూసిందో పౌరుడు తెర మీద చూసుకోగలగడం రెండోది. పోలికకు హద్దు ఉంది. ఆ దేశ జనాభా సుమారు 13 లక్షలు, ఒక్క విజయనగరం జిల్లా కంటే తక్కువ. ఒకే తరహా సేవలు, చిన్న పాలనా యంత్రాంగం వారికి కలిసొచ్చాయి. అయితే ఆ రెండు నియమాల్లో జనాభా మీద ఆధారపడేది ఏదీ లేదు.

కేంద్రీకృత గోదాము కట్టకుండా సమాచారాన్ని కలిపే నమూనా మనకూ ఉంది. 2021 సెప్టెంబరు 27న మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో రోగి రికార్డు ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. రోగి అనుమతిస్తే మరో ఆసుపత్రి దాన్ని తెప్పించుకుంటుంది. ఉద్దానం కిడ్నీ రోగులకు దీని విలువ వేరుగా చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల రోగి పలాసలో ఒకసారి, విశాఖలో ఒకసారి, ఇచ్ఛాపురం వైపు వారైతే సరిహద్దు దాటి బరంపురంలో ఒకసారి చూపించుకుంటారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో చెమటకు అతుక్కుపోయిన రిపోర్టులు. వాటిని డిజిటల్ చేసినంత మాత్రాన పని పూర్తి కాదు. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకెను రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం మోతాదు నుంచి లెక్కగట్టే సూత్రాలు ఒకటికి మించి ఉన్నాయి. ఒకే రక్తానికి రెండు ప్రయోగశాలలు రెండు అంకెలు ఇవ్వవచ్చు. ఏ సూత్రంతో లెక్కగట్టారో కూడా రికార్డుతోపాటు ప్రయాణించకపోతే జబ్బు ముదిరిందో లెక్క మారిందో వైద్యుడికి తెలియదు.

అభిప్రాయం అడగడం వేరు, చేతిలో కలం పెట్టడం వేరు

పౌరులతో కలిసి సేవను రూపొందించడం అనగానే ఆన్‌లైన్ సర్వే, అయిదు నక్షత్రాల రేటింగు గుర్తుకొస్తాయి. కలెక్టరేట్లలో సోమవారం జరిగే అర్జీల స్వీకరణను కూడా కొందరు ఆ ఖాతాలో వేస్తారు. అర్జీ వ్యక్తి సమస్యను తీరుస్తుంది. వంద అర్జీలు ఒకే లోపం నుంచి పుట్టాయని గుర్తించి ఫారాన్నే మార్చే మార్గం లేకపోతే నూటొకటో అర్జీ మళ్లీ వస్తుంది.

అసలు పద్ధతికి తెలుగు నేల మీదే పూర్వరూపం ఉంది. ఉపాధి హామీ పనులకు 2006 నుంచి ఇక్కడ సామాజిక తనిఖీ జరుగుతోంది. మస్టరులోని (హాజరు పట్టీలోని) పేర్లు, రోజులు, కూలి ఊరి జనం ముందు పైకి చదువుతారు. ‘ఆ వారం నేను ఊళ్లోనే లేను’ అని ఒకరు లేస్తే రికార్డు అక్కడే బోనెక్కుతుంది. తరువాత మండల స్థాయి ప్రజావేదికలో అధికారి జవాబు చెప్పాలి. అక్షరం రాని మనిషి కూడా డేటాబేస్‌ను సరిచూడగలడని ఆ పద్ధతి చూపింది. సంక్షేమ జాబితాల మ్యాపింగు, మీటర్ల జతపరచడం, ఎల్‌పీఎం నంబర్లు ఇంత బహిరంగంగా ఎప్పుడూ చదవబడలేదు. వ్యక్తిగత వివరాలు నలుగురిలో చదవడం కుదరదన్నది న్యాయమైన అభ్యంతరమే. అయితే ఎవరి వివరం వారికి తెలుగులో చదివి వినిపించడానికి ఆ అభ్యంతరం వర్తించదు.

భాష సంగతి వచ్చింది కాబట్టి గిడుగు రామమూర్తిని తలచుకోవాలి. 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆయన సవర గిరిజనుల కోసం పాఠాలు రాయదలచినప్పుడు ముందు వారు మాట్లాడేది విని నేర్చుకున్నారు, అక్షరం తరువాత పెట్టారు. ప్రభుత్వ ఫారాలు పుట్టే క్రమం ఇందుకు తలకిందులు. తెర మీద ‘వాలిడేషన్ ఫెయిల్డ్’ అని వస్తుంది. సచివాలయం మెట్ల మీద అదే సంగతి ‘ఆన్‌లైన్‌లో చూపించడం లేదు’ అవుతుంది. ఏ శాఖ రికార్డులో ఏ వివరం కలవలేదో రెండు మాటలూ చెప్పవు. ‘మీ పేరున మూడు మీటర్లు ఉన్నాయి, రెండు మీవి కాకపోతే విద్యుత్ కార్యాలయంలో తీయించుకోండి’ అని ఒక్క వాక్యం రాయడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. కౌంటరు దగ్గర రోజూ అదే జవాబు చెప్పే సచివాలయ ఉద్యోగిని, అంటే డిజిటల్ అసిస్టెంటును అడిగితే అలాంటి వాక్యాలు గంటలో పాతిక రాసిస్తారు.

వాకిలి మారింది, గదులు?

2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న సచివాలయాలు, 2025 జనవరి 30న మన మిత్ర వాట్సాప్ సేవలు. రాష్ట్రం వాకిలిని పౌరుడికి దగ్గరగా జరుపుతూ వచ్చింది. 15 వేలకు పైగా సచివాలయాలు, తొలిరోజే 161 సేవలతో మొదలైన వాట్సాప్ ద్వారం, ప్రయాణ ఖర్చును, పడిగాపులను నిజంగా తగ్గించే ఏర్పాట్లే. బిల్లు కట్టడం, ధ్రువపత్రం దింపుకోవడం వంటి ఒకే శాఖ పనులు వాట్సాప్‌లో సాఫీగా సాగుతాయి. నాలుగు రికార్డులు ఏకం కావలసిన పనికి వాకిలి ఎంత వెడల్పయినా లోపలి గదుల మధ్య తలుపు తెరుచుకోవాలి. సేవల సంఖ్యను ప్రగతికి కొలతగా పెట్టుకుంటే ఈ తేడా కనిపించదు. ఒక దిద్దుబాటు మొదటి అర్జీ నుంచి చివరి రికార్డు వరకు చేరడానికి ఎన్ని రోజులు పట్టింది, పౌరుడు ఎన్ని కార్యాలయాలు తిరిగాడు అన్నవి లెక్కపెడితే కనిపిస్తుంది.

చట్టం తెచ్చే మార్పు

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ లెక్కను మార్చే అవకాశం ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. ఎక్కువ చర్చ సమ్మతి, జరిమానాల చుట్టూ నడుస్తోంది. సంక్షేమ సేవలకు అంతకంటే దగ్గరిది ఎనిమిదో సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్. ఒక వ్యక్తి మీద ప్రభావం చూపే నిర్ణయానికి అతని సమాచారాన్ని వాడినా, దాన్ని మరో సంస్థకు ఇచ్చినా, ఆ సమాచారం పూర్తిగా, కచ్చితంగా, పొంతనగా ఉండేలా చూడవలసిన బాధ్యత దాన్ని నిర్వహించే సంస్థదే.

విజయనగరం పల్లెలోని మూడు మీటర్లకు ఈ వాక్యాన్ని అన్వయిస్తే, 320 యూనిట్ల అంకెను పంపిన సంస్థ మీదా, దాన్ని చూసి పింఛను ఆపిన శాఖ మీదా బాధ్యత పడుతుంది. ‘అది మా డేటా కాదు’ అని రెండో శాఖ అనలేదు. ‘పింఛను మా పని కాదు’ అని మొదటిది అనలేదు. ఆ బాధ్యత ఆచరణలోకి రావాలంటే దిద్దుబాటు కోరే దరఖాస్తును సచివాలయం కౌంటరులోనే తీసుకుని, అక్కడినుంచే మీటరు రికార్డుకు పంపే దారి ఒకటి కట్టాలి. ప్రస్తుతం సమాచారం అటు నుంచి ఇటు వచ్చే దారి ఉంది. ఇటు నుంచి అటు వెళ్లే దారిలో ముసలాయనే నడుస్తున్నాడు.